వాన కురిపించే కార్డు

పామిడి,
12 అక్టోబరు 2003.

బెంగుళూరు చల్లగాలిలో కంప్యూటర్ల అంగడి పెట్టుకొని కాలు మీద కాలేసుకున్న మా బావ ఈశ్వరప్పకు, పామిడి ఎండలో పేలాల మాదిరి వేగుతాండే బామ్మర్ది ఓబులేసు దండాలు. మా అక్క మారెక్క బాగుండాదని తలుస్తాను. ఈడ అందరూ బాగుండారు. నేనొక్కణ్నే బాగలేను.

ఫోను చెయ్యకుండా జాబు రాస్తాండాడేమి వీడు అనుకోవద్దు. మా ఎస్టీడీ బూతు లక్ష్మన్న సంగతి నీకు తెలీదు. నేను అద్దాల పెట్టెలో నిలబడి మాట్లాడినదంతా బయట నిలబడి వింటాడు. పొద్దున నేను నీతో చెప్పింది సాయంత్రానికి తిప్పేష్ చెవిలో ఉంటాది. జాబైతే అంటించి పెట్టొచ్చు.

తిప్పేష్ ఎవరో తెల్సు గదా. ఎనిమిదేండ్లు నా పెండ్లి వీడియోలకు లైటు పట్టినోడు. కెమెరా ఎట్ల పట్టుకోవల్లో నేను నేర్పించినా. పోయిన ఉగాదికి నా అంగడి ఎదురుగానే అంగడి తెరిచినాడు. అది కూడా ఓర్చుకున్నా. ఇప్పుడు అనంతపురం నుంచి పాత కంప్యూటరు ఒగటి తెచ్చినాడు. కొండాపురం దివాకర్ పెండ్లి దాంట్లో మిక్సింగు చేసినాడు. నేను చూసినా బావా. తలంబ్రాలు పోసుకుంటాంటే పెండ్లికొడుకు పెండ్లికూతురు మీద వాన పడతాండాది. మూడేండ్ల నుంచి పెన్నలో నీళ్లు లేవు, పశువులకు గడ్డి లేదు, వీడు దివాకర్ నెత్తిన వాన కురిపించినాడు. ఆడోళ్లంతా టీవీ ముందర కూర్చొని ఆ వానకే మురిసిపోయి, వెనక్కు తిప్పి తిప్పి చూస్తాండారు. నా ఇంట్లో నా పెండ్లాం కూడా, ఎంత బాగుండాది అనింది. రెండు దినాలు దానితో మాట్లాడలేదు.

అసలు సంగతి ఇది. శెనక్కాయ మిల్లు నారాయణప్ప బిడ్డ సుష్మ పెండ్లి మాఘమాసంలో. ఆ పెండ్లి ఎవరు తీస్తే, ఆ వెనక వచ్చే పెద్దిండ్ల పెండ్లిండ్లన్నీ వానివే. నాకు రాకపోతే నేను ఈ కెమెరా అమ్ముకొని బట్టల అంగట్లో మూరలు కొలవాల్సిందే. నారాయణప్ప ఇంకా ఎవరికీ మాట ఇయ్యలేదు. "వాన ఉంటాదా నీ వీడియోలో" అని ఒక్క మాట అడిగినాడు. ఉంటాదన్నా.

కాబట్టి నాకొక కంప్యూటరు కట్టియ్యి. తిప్పేష్ దాంట్లో ఉండేది అరవైనాలుగు ఎంబీ గ్రాఫిక్స్ కార్డంట. నాకు నూటిరవై ఎనిమిది ఎయ్యి. దానికంటే పెద్దదుంటే అదే ఎయ్యి. మీద పంకా తిరుగుతాండల్ల. యా కార్డు ఏస్తే వాన పడతాది, యాది ఏస్తే మంచు పడతాది, విడివిడిగా రాయి.

నీ బామ్మర్ది,
ఓబులేసు.

* * *

బెంగుళూరు,
21 అక్టోబరు 2003.

ఓబులేసుకు ఈశ్వరప్ప ఆశీస్సులు. మేము బాగున్నాము. మీ అక్కకు మోకాలి నొప్పి తగ్గింది. నీ జాబు చదివి చాలాసేపు నవ్వింది, దానికి కూడా కొంత తగ్గినట్లుంది.

వానకు, కార్డుకు సంబంధం లేదప్పా. వాన సీడీలో ఉంటాది. నల్లటి తెర మీద ముందే తీసిపెట్టిన వానను నీ పెండ్లి బొమ్మ మీద పరుస్తారు, అంతే. ఆ సీడీ నీకు ఊరికే పంపిస్తా. గులాబీలు, పావురాలు, హృదయం గుర్తులు కూడా అందులోనే ఉంటాయి.

ఇప్పుడు కార్డు సంగతి. పెండ్లి భోజనాలు తీసినవాడివి, నీకు అట్లే చెప్తా. కంప్యూటర్లో వంట చేసేవాడు ప్రాసెసరు. మిక్సింగు పనంతా వానిదే. ర్యాము వాని ముందర ఉండే బండ, ఎంత వెడల్పుంటే అంత సులువు. హార్డుడిస్కు ఉగ్రాణం, సామాను దాచే గది. గంట టేపు లోపలికి ఎక్కిస్తే పదమూడు జీబీ తింటాది, కాబట్టి ఉగ్రాణం పెద్దదుండల్ల. టేపు నుంచి బొమ్మను లోపలికి తెచ్చేది క్యాప్చర్ కార్డు, అది వేరే. నువ్వు అడిగే గ్రాఫిక్స్ కార్డు భోజనాల బంతిలో వడ్డించేవాడు. అయిపోయిన వంటను తెర మీదికి తెచ్చి పెడతాడు. వడ్డించేవానికి ఎంత మీసముంటే ఏమి, వంట రుచి మారదు.

గేములు ఆడేవాళ్లకైతే కత వేరు. అక్కడ వడ్డించేవాడే పొయ్యి దగ్గర నిలబడి అప్పటికప్పుడు దోసె పోసియ్యల్ల. కారు మలుపు తిరిగిన ప్రతిసారీ రోడ్డు, చెట్టు, నీడ అన్నీ కొత్తగా గీయల్ల. దానికి పెద్ద కార్డు కావల్ల, పంకా కావల్ల, మంచి పవర్ సప్లై కావల్ల. నీకు ఇవేవీ వద్దు.

ఇంకొకటి. నూటిరవై ఎనిమిది అని డబ్బా మీద ఉంటే గొప్పదని కాదు. బాన పెద్దదై మూతి సన్నగా ఉన్న కార్డులు బజారులో చాలా ఉన్నాయి. అరవైనాలుగుదైనా మూతి వెడల్పుగా ఉంటే అదే నయం.

నీకు నేను ఎంచింది పంకా లేని చిన్న కార్డు. చప్పుడు చెయ్యదు, వేడెక్కదు. వెనకాల టీవీకి తీగె పెట్టుకొనే చోటు ఉంది. నువ్వు కంప్యూటర్ తెర మీద బొమ్మలు కోసి అతికిస్తాంటే పెండ్లివాళ్లు పక్కన టీవీలో చూడొచ్చు. ఇది తిప్పేష్ దాంట్లో ఉండదు.

వాని మీద కుళ్లుతో సామాను కొనొద్దు. సామాను పనిని చూసి కొనల్ల.

ఈశ్వరప్ప.

* * *

పామిడి,
16 నవంబరు 2003.

బావకు ఓబులేసు నమస్కారం.

నీ జాబు మూడుసార్లు చదివినా. వంట, బంతి, దోసె అన్నీ బాగుండాయి. కానీ పంకా లేని కార్డేంది బావా. నా అంగడికొచ్చినోళ్లు పెట్టె మూత తీసి చూస్తే లోపల ఏముండాదని చూపించల్ల. తిప్పేష్ పెట్టెకు పక్కన అద్దం బిగించి లోపల నీలి లైటు పెట్టినాడు. జనం దాన్ని వినాయకుని చూసినట్ల చూసిపోతాండారు. సరే, నీ ఇష్టం, నీ చిన్న కార్డే ఎయ్యి. ఎందుకు ఒప్పుకున్నానో చెప్తా, కోప్పడొద్దు.

పోయిన సంవత్సరం మీ ఇంటికొచ్చినప్పుడు నీ అంగట్లో శ్రీ వీరభద్ర కంప్యూటర్స్ అని అచ్చేసిన కాగితాల పుస్తకం ఒగటి సంచిలో ఏసుకొచ్చినా. లెక్కలు రాసుకొనేకి పనికొస్తాదని. ఇప్పుడు దాంతో నీ పేరు మీద తిప్పేష్ కు ఒక జాబు రాసినా. మా ఇంటి పక్క టైపు నేర్పించే ఆమెతో కొట్టించినా, నా చేతిరాత వానికి తెల్సు గదా.

అందులో ఏముండాదంటే: "మాన్య వీడియోగ్రాఫరు గారికి, రాయలసీమలోని పేరు మోసిన స్టూడియోలకు మాత్రమే ఈ సంగతి తెలుపుతున్నాము. తమ పాత కార్డు వెంటనే పీకి, రెండు పంకాల పెద్ద గేము కార్డు వేసుకొనేది. ఈ కార్డు వేసినచో ఎనిమిది రకాల వానలు కురియును. తుంపర, జల్లు, జడివాన, వడగండ్లు, ఇంకా నాలుగు. పెండ్లికూతురి చీర తడిసినట్లు కూడా కనబడును." కింద నీ సంతకం నేనే గీకినా. నీ సంతకం కోడి కెలికినట్ల ఉంటాది, కష్టపడలేదు.

నువ్వు చెప్పిన దోసె మాటను బట్టే ఆ ఉపాయం తట్టింది. మిక్సింగుకు దమ్మిడీ పనికిరాని కార్డు వాడు తెచ్చుకొని ఉన్న సొమ్మంతా దాంట్లో పోసి, వాన కోసం నోరు తెరుచుకొని కూర్చుంటాడు. నారాయణప్ప ఇంటి పెండ్లి నా ఒడిలో పడతాది.

నిన్న వాడు బెంగుళూరు బస్సెక్కుతాడని లక్ష్మన్న ముందే చెప్పినాడు. బస్టాండుకు పోయి నేనే చూసినా. చేతిలో సంచి, జేబులో ఆ జాబు. "యాడికి తిప్పేషూ" అంటే, "పనుండాది అన్నా" అని నవ్వినాడు. నేనూ నవ్వినా. నీ అంగడికే వస్తాడు. ఆ మిగిలిన నాలుగు రకాల వానలు నువ్వు చెప్పు.

ఓబులేసు.

* * *

బెంగుళూరు,
2 డిసెంబరు 2003.

ఓబులేసుకు,

నువ్వు చేసింది తప్పు. నలభై ఆరేండ్లు వచ్చినాయి, ఇంకా ఒకరి తోకకు డబ్బా కట్టే పని మానలేదు. నా పేరు వాడుకున్నందుకు మీ అక్క ముందర నిలబెట్టి అడుగుతా.

తిప్పేష్ వచ్చి పోయినాడు. కార్డు తీసుకున్నాడు. అంతకంటే నన్ను ఏమీ అడగొద్దు.

నీ కంప్యూటరు కట్టి బస్సు పార్సిలులో పంపించినా. వాన సీడీ పెట్టెలోనే ఉంది. పవర్ కట్టయినప్పుడు పని పోకుండా యూపీఎస్ కూడా పెట్టినా.

ఈశ్వరప్ప.

* * *

పామిడి,
11 జనవరి 2004.

బావా,

కంప్యూటరు వచ్చింది, బాగా పనిచేస్తాండాది. చప్పుడే లేదు. చచ్చిందో బతికిందో కూడా తెలీదు. వాన పడతాండాది. చూసేవాడే లేడు.

ఎందుకంటే ఊరంతా ఎదురు అంగట్లో ఉండాది. తిప్పేష్ ఆ పెద్ద కార్డు ఏసుకొని, మిక్సింగు పక్కన పెట్టి, గేముల అంగడి తెరిచినాడు. రెండు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు, వాకిలికి పచ్చ తెర. కారు రేసులంట, విమానాలంట. పడవ గేము ఒగటి ఉండాదంట, నీళ్లు ఎట్ల కదుల్తాయంటే పక్కన నిలబడినోళ్లు కాళ్లు వెనక్కు తీసుకుంటాండారంట. నేను లోపలికి పోలేదు. నా అంగడి గడప మీద కూర్చుంటే పచ్చ తెర కింద చెప్పులు కనబడతాయి. చెప్పులు చూసి మనిషిని చెప్పగలను, ఇన్నేండ్లు పెండ్లి పందిర్ల కాడ ఉన్నోణ్ని. హైస్కూలు డ్రిల్లు అయ్యవారివి, బ్యాంకు క్యాషియరువి, ఎస్టీడీ లక్ష్మన్నవి. నిన్న కిర్రు చెప్పులు చూసినా. నారాయణప్పవి.

యాభై ఐదేండ్ల మనిషి, మిల్లు యజమాని, సాయంత్రం పూజ మానుకొని కారు తోల్తాండాడు. లోపల నుంచి వాని గొంతు వినబడతాండాది, "రేయ్ తిప్పేషూ, బ్రేకు యాడుండాదిరా, గోడ వచ్చ, గోడ వచ్చ" అని. బిడ్డ పెండ్లి వీడియో కూడా ఆ కుర్చీలో కూర్చొనే తిప్పేష్ కు ఇచ్చేసినాడు. నేను పోయి అడిగితే, "ఓబులేసూ, కోపం పెట్టుకోవద్దప్పా, ఆ పిల్లోని కాడ కంప్యూటరు బలేగుండాది" అన్నాడు. ముప్పై రెండేండ్లోడు పిల్లోడంట.

ఇంత వరకూ ఓర్చుకున్నా బావా. కానీ మొన్న బస్సులో మీ ఇంటికి వాడు రెండు మూటల శెనక్కాయలు, ఒక డబ్బా నువ్వుల ఉండలు పంపించినాడని లక్ష్మన్న చెప్పినాడు. మా అక్క ఒక్క మాట రాయలేదు. ఆ కార్డు కొనమని జాబు రాసింది ఎవరు? తెలివి నాది, టైపు ఖర్చు నాది, తపాలా బిళ్ల నాది. వాడు బాగుపడింది నా వల్ల. ఉండలు తినేది నువ్వు. వాడు అందరితో, "బెంగుళూరు ఈశ్వరప్ప సారు చలవ" అంటాండాడు. నేను చెడగొట్టినా బాగుపడేటోడు వాడు. వాన్ని చూసి ఒక మంట, నిన్ను చూసి ఇంకొక మంట. యాది పెద్దదో తెలీక నిద్ర పట్టట్లేదు.

ఇంక దాచేది లేదు. రేపు సంతనాడు బస్టాండు కాడ నిలబడి, ఆ జాబు రాసింది నేనే అని అందరికీ చెప్తా. మోసగాడు అంటే అననీ. కార్డు ఎంచింది మాత్రం ఓబులేసే అని ఊరికి తెలియల్ల.

ఓబులేసు.

* * *

బెంగుళూరు,
17 జనవరి 2004.

ఓబులేసుకు,

చెప్పి ఉంటే తలెత్తుకోలేవు. చెప్పకపోయి ఉంటే ఈ జాబు చదివి గమ్మున కూర్చో. ఒకరికి మాటిచ్చి ఇన్ని దినాలు దాచినా, ఇంక దాస్తే నువ్వు బస్టాండులో నవ్వులపాలు అవుతావు.

నువ్వు రాసిన బెంగుళూరు జాబును పామిడి పోస్టాఫీసు డబ్బాలో వేసినావు. కవరు మీద పామిడి ముద్ర గుండ్రంగా, చక్కగా పడింది. కాగితం, టైపు, సంతకం అన్నీ చూసుకున్నవాడివి దాన్ని గుంతకల్లుకు పోయి కూడా వేయలేదు.

తిప్పేష్ ఆ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. "సార్, ఇది మా ఓబులేసన్న పని. ఇట్లాంటివి పామిడిలో ఇంకెవరూ చెయ్యరు. దీంట్లో అబద్ధం ఎంత, నిజం ఎంత, మీరు చెప్పండి" అన్నాడు. నీకు చెప్పిందే వానికీ చెప్పినా. మిక్సింగుకు దండగ, గేములకైతే దీన్ని మించింది లేదు అని. వాడు టీ తాగి గ్లాసు పక్కన పెట్టినాడు. తర్వాత, "మా ఊర్లో సాయంత్రమైతే మగవాళ్లకు కూర్చొనేకి బస్టాండు తప్ప చోటు లేదు సార్. ఆ కార్డే ఇయ్యండి" అన్నాడు. ఆ ఆలోచన నీది కాదు, నాది కూడా కాదు. వానిది.

నీకు చెప్పొద్దని మాట తీసుకున్నది కూడా వాడే. ఎందుకప్పా అంటే, "నన్ను ఏమార్చినానని సంతోషంగా ఉండాడు, ఉండనియ్యండి. అన్న సంతోషంగా ఉన్న దినం కెమెరా బాగా తిప్పుతాడు" అన్నాడు.

ఇప్పుడు పని మాట. నారాయణప్ప పెండ్లి వానికి వచ్చింది గానీ, వానికి భయంగా ఉందంట. వంద మెరుపులు చేయగలడు, బంతిలో కూర్చున్న ముసలామె ఎవరో తెలీదు. మీ పక్క పెండ్లి వీడియో అంటే ఏమి, నెల తర్వాత పెద్దవాళ్లంతా కూర్చొని మా చిన్నత్త యాడ, మా వియ్యపురాలు తిన్నిందా లేదా అని లెక్క తీసేదే గదా. ఒక్కరు కనబడకపోయినా తగాదా. దివాకర్ పెండ్లిలో వాని మేనమామ ముఖాన్ని హృదయం గుర్తు కప్పేసిందని ఇంకా మాటల్లేవంట. కెమెరా నువ్వు పట్టుకోవల్లని వాని కోరిక. అడిగితే నువ్వు ఏమంటావో అని భయపడి నన్ను అడగమన్నాడు. అడుగుతున్నా.

ఈశ్వరప్ప.

తమ్ముడూ, మారెక్కను రాస్తాండా. నువ్వుల ఉండలు నీకు ఆరు ఎత్తిపెట్టినా, ఎవరన్నా వస్తే పంపిస్తా. పోయి ఆ పెండ్లి తియ్యి. కడుపులో మంట పెట్టుకొని గడప మీద కూర్చుంటే ఎదుటోని చెప్పులు లెక్కపెట్టుకోవడమే మిగిలేది.

* * *

పామిడి,
7 మార్చి 2004.

బావకు, అక్కకు ఓబులేసు నమస్కారాలు.

సంతనాడు బస్టాండుకు పోయినా గానీ చెప్పలేకపోయినా. ముందు రాత్రి జలుబు చేసి గొంతు పోయింది. అంతా దైవలీల అనుకున్నా. వారం తర్వాత నీ జాబు వచ్చింది.

పోస్టు ముద్ర సంగతి చదివి ఒక దినమంతా అంగడి తెరవలేదు. మోసం బయటపడినందుకు కాదు. వాడు తెలిసీ బస్టాండులో నాతో నవ్వినాడు చూడు, ఆ నవ్వు గుర్తొచ్చి. నన్ను మించినోడయినాడు గదా అని.

మరుసటి దినం నేనే వాని అంగడికి పోయి పచ్చ తెర ఎత్తినా. "అన్నా, కూర్చో" అని కుర్చీ లాగినాడు. కూర్చోలేదు. "కెమెరా నేను పడతా. కానీ నాకు లైటు నువ్వే పట్టల్ల" అన్నా. అంగట్లో నలుగురు ఉండారు, డ్రిల్లు అయ్యవారు కూడా. వాడు తల గోక్కోని, "పాత లైటేనా, కొత్తది కొన్నావా అన్నా" అన్నాడు. అంతే. వాన్ని నలుగురిలో తక్కువ చేద్దామని అన్న మాట బావా అది. వాడు తక్కువ కాలేదు.

పెండ్లి తీసినాము. బంతిలో ఒక్కొక్క ముఖం ముందర నిలబడినా. లడ్డు నోటి కాడ పెట్టుకొని కెమెరా వచ్చేదాకా కొరక్కుండా కూర్చుంటారు చూడు మనోళ్లు, అట్ల మూడు వందల మంది. వాడు వెనక నుంచి లైటు పట్టినాడు. ఎక్కడ ఎత్తల్లో, ఎక్కడ దించల్లో నేను చెప్పకముందే తెల్సు. వాడు పోయినంక ఇద్దరు ముగ్గురిని పెట్టుకున్నా, ఎవరికీ చేతకాలేదు. ఈ మాట వానితో అనలేదు, నీకే చెప్తాండా.

మిక్సింగు నా అంగట్లోనే చేసినాము. వాని పెద్ద కార్డుకు గేములతోనే ఖాళీ లేదు. పైగా ఆ పంకాల చప్పుడుకు సన్నాయి వినబడదు. నీ మూగ కార్డే ఆఖరికి పనికొచ్చింది. టీవీకి తీగె పెట్టి నారాయణప్పను, ఆయన తల్లిని, ఇద్దరు అత్తలను ముందర కూర్చోబెట్టినాము. తిప్పేష్ కోస్తాంటే నేను పక్కన.

"అన్నా, ఈమెను తీసేద్దామా, మెతుకులు గడ్డానికి అంటుకున్నాయి."

"ఆమె పెండ్లికూతురు నాయనమ్మకు చెల్లెలు. గుత్తి నుంచి ఆటోలో వచ్చింది. ఆమెను కోసినావంటే నారాయణప్ప నిన్ను కోస్తాడు."

"మరి ఈ తెల్లపంచ ఆయప్ప? మూడుసార్లు తింటాండాడు."

"వానికి ఎవరూ కారు. ప్రతి పెండ్లిలో ఉంటాడు. రెండు తీసెయ్, ఒగటి ఉంచు. లేకపోతే పెండ్లి పెండ్లి మాదిరి ఉండదు."

నారాయణప్ప తల్లి వాన వద్దనింది. "మనుషులు మసక మసకగా కనబడతాండారు, తుడవండి" అనింది. తుడిచేసినాము.

ఆఖరికి పేర్లు ఏసేది మిగిలింది. ఆ పెండ్లి వానికిచ్చింది గదా, వాని పేరే ముందుంటాదని నాకు తెల్సు. ఉండనీ అనుకున్నా. ఉంటే నాకు మేలు. వచ్చే పదేండ్లు దాన్ని పట్టుకొని ప్రతి పెండ్లి పందిర్లో వాన్ని దెప్పొచ్చు. అందుకే, "టీ తాగొస్తా, ఆ పేర్లేవో నువ్వే ఏసెయ్" అని కావాలనే బయటికి పోయినా. రెండు టీలు తాగినా. ఏమేమి అనల్లో నాలుగు మాటలు పేర్చుకొనే వచ్చినా.

వచ్చేసరికి టీవీలో పేర్లు పోతాండాయి. పైన ఓబులేసు అని ఉండాది, తెర నిండా. కింద చిన్నగా తిప్పేష్. వాడు నా తట్టు చూడలేదు. సీడీ డబ్బాలు వెతుక్కుంటాండాడు. నారాయణప్ప తల్లి కండ్లు చికిలించుకొని నా పేరు కూడబలుక్కొని చదివింది. నేను పేర్చుకొచ్చిన మాటలు ఒక్కటీ పనికి రాలేదు.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. పెండ్లాం ఏమయింది అంటే ఎండ దెబ్బ అన్నా. ఊర్లో ఇంకో నాలుగు పెండ్లిండ్లు మాకు ఇద్దరికీ కలిపి వచ్చినాయి, సంతోషమే. కానీ వాని చోట నేనుంటే నా పేరే ముందు ఏసుకునేటోణ్ని బావా. ఆ సంగతి వానికి తెల్సు. తెల్సే ఏసినాడు.

ఓబులేసు.